ఆవగింజకు నోరొచ్చిన రోజు

ఒకప్పుడు ఆవగింజ మూగది. ఎంత కాగిన నూనెలో వేసినా కిక్కురుమనేది కాదు. గరిట అడుక్కి పోయి, కూర్చున్నచోటే మాడేది. మిరపకాయకు ఘాటుంది, కరివేపాకుకు వాసనుంది, ఆవగింజకు ఏముంది? పోపుల పెట్టెలో దాన్ని ఎవరూ లెక్కచేసేవారు కాదు.

ఆ పెట్టె పేరిందేవమ్మది. వాళ్లింట్లో ఒక పద్ధతి ఉండేది. కూర ఎవరు తరిగినా, పప్పు ఎవరు ఉడికించినా, పోపు మాత్రం ఇంటి పెద్దావిడే పెట్టాలి. నలభై ఏళ్లుగా ఆ చెయ్యి పేరిందేవమ్మదే. ఇనప గరిటలో నూనె పోసి, పైన సన్నగా పొగ లేవడం చూసి, సరిగ్గా అప్పుడే మిరపకాయలు వేసేది. ఆవిడ పప్పుచారుకు పోపు పెడితే వీధి వీధంతటికీ ఆకలి పుట్టేది. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. తెలిసి కాస్త మురిసిపోయేది కూడా. తప్పేముంది?

అలాంటి మనిషికి కళ్లు మసకబారాయి. పొగ కనబడడం మానేసింది. ఒకరోజు నూనె మరీ కాగి మిరపకాయలు బొగ్గయ్యాయి. ఇంటిల్లిపాదీ దగ్గుతూ వీధిలో పడ్డారు. ఇంకోరోజు నూనె కాగనే లేదు. చారంతా పచ్చినూనె కంపు.

"అమ్మా, ఎల్లుండి కొత్తబియ్యం వండుకునే రోజు. చుట్టాలొస్తారు. పోపు వరహాలు పెడుతుందిలే," అన్నాడు కొడుకు.

"నేను పెట్టను. అది అత్త చెయ్యి," అంది కోడలు వరహాలు. అతను వినిపించుకోలేదు.

పేరిందేవమ్మ పోపుల పెట్టె ఒళ్లో పెట్టుకుని, "నా చెయ్యి ఇంక పనికిరాదటే," అంది దానితో. ఆవిడ కన్నీళ్లు ఆవాల గదిలో పడ్డాయి.

"నాకు మాడటమే తెలుసు, నేనేం చేస్తాను," అని గొణిగింది మిరపకాయ. కరివేపాకు తలొంచుకుంది. ఒక ఆవగింజ మాత్రం పెట్టె దిగి, దొర్లుకుంటూ పొయ్యి ముందుకు పోయి ఆగింది. నోరు లేదు కదా, నిప్పును అలాగే చూస్తూ ఉండిపోయింది.

నిప్పుకు అర్థమైంది. "నోరిస్తాను. నీకే కాదు, మీ వాళ్లందరికీ. కానీ మాట రావాలంటే పొట్ట పగలాలి. ఇంకో సంగతి. నూనె కాగకముందే నోరు విప్పారో, మళ్లీ మూగే. సరేనా?"

ఆవగింజ వెనక్కి తిరిగి పేరిందేవమ్మను చూసింది. సరేనన్నట్టు ఊగింది.

కొత్తబియ్యం రోజున పీటల మీద చుట్టాలు కూర్చున్నారు. "గరిట ఇలా ఇయ్యవే వరహాలూ. ఈ ఒక్కసారీ," అంది పేరిందేవమ్మ. వరహాలు మొగుడివైపు చూడకుండా ఇచ్చేసింది.

పెట్టెలో చెయ్యి పెట్టగానే ఆవాలన్నీ తోసుకుంటూ ఆవిడ వేళ్లకు అంటుకున్నాయి. "సరే, ముందు మీరే పదండి," అని నూనెలో వేసింది.

చప్పుడు లేదు. ఎవరో ముందుజాగ్రత్తగా ముక్కుకు కండువా అడ్డం పెట్టుకున్నారు. "వెయ్యమ్మా మరి, ఇంకెంతసేపు," అన్నాడు కొడుకు. పేరిందేవమ్మ మిరపకాయల కోసం చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకుంది. ఒక్క మాట అంటే ఆవిడకు ధైర్యం వస్తుందని ఆవగింజకు తెలుసు. కానీ నూనె ఇంకా కాగలేదు. పళ్లు బిగబట్టి ఊరుకుంది.

అప్పుడు నూనె కాగింది.

చిట్. చిటపట. చిటపటపట.

"ఇప్పుడే అవ్వా, ఇప్పుడే," అంటున్నాయి ఆవాలు, పొట్టలు పగిలి ఎగురుతూ. పేరిందేవమ్మ మిరపకాయలు వేసింది, కరివేపాకు దూసింది, గరిట తీసుకెళ్లి చారులో ముంచింది. చుయ్యిమంది. ఆ వాసనకు వీధిలో పోయేవాళ్లు ఆగారు. ముక్కుకు పెట్టిన కండువా కిందికి జారింది. కొడుకు మూడుసార్లు చారు పోయించుకున్నాడు, తలెత్తకుండా.

పేరిందేవమ్మ ముంజేతి మీద ఏదో చురుక్కుమంది. తడిమి చూస్తే పగిలిన ఆవగింజ. "ఇంతలేవు, నా పరువంతా మోశావే," అని దాన్ని కళ్లకద్దుకుంది. వరహాలును పక్కన కూర్చోబెట్టుకుని, "కళ్లు మూసుకుని వినవే. రేపు ఈ చెయ్యి నీదే," అంది.

అప్పటినుంచే ఆవాలు కాగిన నూనెలో చిటపటలాడతాయి. కాగకముందు మాత్రం చచ్చినా నోరు విప్పవు. అందుకే కళ్లు బాగా కనబడే వంటవాళ్లు కూడా ఆవగింజ మాట వినేదాకా మిరపకాయ జోలికి పోరు.