వంగిన కడ్డీ

నూకరాజు కోరుకున్న పనే దొరికింది. పేరయ్యగారి లాంచీకి ఇప్పుడు వాడే ఇంజను మేస్త్రి. అయినా అన్నం సయించడం లేదు.

అంతకు ముందు ఆ లాంచీ ఇంజను చూసుకున్నది వాడి గురువు ఖాసిం ఉస్తాదు. గోదారొడ్డున రేకుల షెడ్డు ఆయనది. అప్పుడున్నది పాతకాలపు అమెరికా ఇంజను. అటు నాలుగు, ఇటు నాలుగు సిలిండర్లు, దోసిలి విప్పినట్టు వాలుగా ఉండేవి. కడుపులో ఒకటే షాఫ్టు. అది తిరుగుతుంటే సన్నటి కడ్డీలు లేచి పైనున్న వాల్వులను తోసి తెరిచేవి.

కొత్త ఇంజన్లలో షాఫ్టు నెత్తిమీదే ఉంటుందట, ఈ కడ్డీల గొడవే లేదట, ఎంత వేగమో అని నూకరాజు అంటుండేవాడు. ఉస్తాదు నవ్వేవాడు. వేగం ఎవడికి కావాలిరా, ఎదురు నీళ్ళలో దున్నపోతులా నిదానంగా లాగాలి గానీ అనేవాడు. నెత్తిన బరువు లేదు కాబట్టే ఈ ఇంజను పలకల కింద అణిగి కూచుంది, పడవ తూగదు అనేవాడు.

వరదల కాలం లాంచీ కట్టేసి ఉంటుంది. మళ్ళీ తీసేటప్పుడు మూతలు విప్పి, ఇంజన్ని ముందు చేత్తో తిప్పి, వాల్వులన్నీ లేస్తున్నాయో లేదో చూసుకోవాలి. చెమ్మకి ఏదో ఒక వాల్వు బిగుసుకుపోయి ఉంటుంది. ఆ తర్వాతే స్టార్టు చేయాలి. ఉస్తాదు ఏటా చెప్పే మాటే ఇది.

ఆ ఏడు లాంచీ తీసే రోజు శుక్రవారం పడింది. ఉస్తాదు నమాజుకి వెళ్ళాడు. ఈలోగా పేరయ్యగారు వచ్చారు.

"ఏరా, ముసలాయన వస్తేగానీ కదలదా ఇది?"

ఆ మాట నూకరాజుకి గుచ్చుకుంది. మూతలు విప్పకుండానే స్టార్టు చేసి, ఆయన ముందు గట్టిగా రేజు చేశాడు. లోపల టక్కుమంది. ఇంజను కుంటడం మొదలెట్టింది.

ఉస్తాదు వచ్చాడు. విప్పని మూతల్ని చూశాడు, శిష్యుడి మొహం చూశాడు. నూకరాజు తల వంచుకున్నాడు గానీ నోరు విప్పలేదు.

"అంతా చూశానని వీడికి నేనే చెప్పాను బాబూ. నిజానికి నేను చూడలేదు," అన్నాడు ఉస్తాదు పేరయ్యగారితో. "వంగింది ఒక్క కడ్డీయే, అది మారిస్తే సరిపోతుంది."

పేరయ్యగారు వినిపించుకోలేదు. ఇంజనుకీ నీకూ కాలం చెల్లింది సాయిబూ అన్నారు. కొత్త డీజిలు ఇంజను మీద ఆయనకి ఎప్పట్నుంచో మనసుంది. పాతది పాత ఇనుము వాళ్ళ బండి ఎక్కింది. కొత్తది వచ్చింది. దాన్ని నూకరాజు చేతిలో పెట్టారు. వాడు కాదనలేదు.

కొన్నాళ్ళకి, పొద్దున్నే లాంచీ దగ్గరికి పోవలసిన నూకరాజు షెడ్డుకి వచ్చాడు.

"ఆ రోజు ఎందుకలా చెప్పారు ఉస్తాద్?"

ఆయన అటక మీంచి గుడ్డ మూట దించాడు. అందులో ఒక కడ్డీ, ఒక వాల్వు. ఇంజను బండి ఎక్కే ముందు విప్పి తీసుకున్నవి. గోడకున్న అద్దాన్ని దించి బల్ల మీద వెల్లకిలా పెట్టాడు.

"దొర్లించు."

నూకరాజు కడ్డీని అద్దం మీద దొర్లించాడు. అది ఎగిరెగిరి పడి, పక్కకి తిరిగి ఆగిపోయింది.

ఉస్తాదు వాల్వుని తుడిచి వాడి అరచేతిలో పెట్టాడు. దాని మీద ఒక్క గీత కూడా లేదు.

"కడ్డీ వంగింది. అందుకే ఇది మిగిలింది."

నూకరాజు వాల్వుని బల్ల మీద పెట్టి, కడ్డీని చేతిలోకి తీసుకున్నాడు. దీన్ని సాపు చేసి మళ్ళీ వేస్తే నిలబడదా అని నెమ్మదిగా అడిగాడు.

"ఒకసారి వంగినదాన్ని వెయ్యకూడదు బేటా. ఆ చోట ఇంకోటి నిలబడాలి."

రేవులో లాంచీ కూత పెట్టింది. నూకరాజు అటు పోలేదు. కడ్డీని గుడ్డలో చుట్టుకుని, జరిగింది చెప్పడానికి పేరయ్యగారి ఇంటివైపు నడిచాడు.

ఆ పాత ఇంజను అప్పటికే ఏ కొలిమిలోనో కరిగిపోయి ఉంటుంది.