మేడా, అద్దాల మేడా, నడుమ ఒక కాకీ

తెలివి ఎక్కడ దొరుకుతుందని అడిగితే మా వీధిలో చంటిపిల్లలు కూడా త్రినేత్ర ఫొటో స్టూడియో వైపు వేలు చూపిస్తారు. చూపించి, సందు చివరికి పరిగెత్తి నవ్వుకుంటారు. ఆ స్టూడియోలో ఉండేది ముగ్గురు: అన్న భానోజీ, అతని పెళ్ళాం వరహాలు, తమ్ముడు సన్నిబాబు. నిద్రలో తెలివి కారిపోయి దిండు తడిసిపోతుందని ముగ్గురూ చెవుల్లో దూది పెట్టుకుని పడుకుంటారు. ఆ దూదితో ఏడాదికో పరుపు కుట్టొచ్చు. నేను వాళ్ళ పక్కింటి మామ్మని. నేను అబద్ధం చెప్పను. కాస్త సాగదీస్తాను, అంతే.

వాళ్ళ మేడ విశాఖపట్నం పాతూళ్ళో ఉంది. ముత్తాత రంగూన్ నుంచి ఓడలో టేకు దూలాలు తెచ్చి కట్టించాడు. చెక్క వరండా, పెంకుల కప్పు, కిటికీలకి రంగు అద్దాలు. దానికి సరిగ్గా ఎదురుగా ఈమధ్యే ఒక అద్దాల మేడ లేచింది. ఎంత ఎత్తంటే, పై అంతస్తులో ఎవరైనా తుమ్మితే కింద వాచ్‌మన్ దాలినాయుడు మర్నాడు "చిరంజీవ" అంటాడు.

ఒకరోజు ఎవరో ఉద్యోగి వచ్చి త్రినేత్ర వాళ్ళ గోడకి ఎర్రరంగుతో గుండ్రంగా ఒక గుర్తు పెట్టాడు. వరహాలు మురిసిపోయింది.

"ఓలమ్మో, గోడకి కూడా బొట్టు పెట్టి పిలుస్తున్నారు! ఎవరింట్లోనో పేరంటం!"

అంతే. ఆ మనిషిని పీట మీద కూర్చోబెట్టింది, కాళ్ళకి పసుపు రాసింది, జాకెట్టుముక్కా తాంబూలమూ చేతిలో పెట్టింది. అతనికా, ఇంతింత మీసాలు. ఆ మీసాలతో, ఆ పసుపు కాళ్ళతో వీధి చివరిదాకా తలొంచుకుని నడిచిపోయాడు పాపం.

మర్నాడు పాత కట్టడాల కమిటీ నుంచి ఒక మేడమ్ వచ్చింది. "అది బొట్టు కాదమ్మా. రోడ్డు వెడల్పు చేస్తున్నారు, మీ మేడ కొట్టేస్తామని గుర్తు" అంది.

ముగ్గురూ గొల్లుమన్నారు. వాళ్ళ ఏడుపుకి రేవులో ఓడలు కూత వేసి జవాబు చెప్పాయి. మేడమ్ మంచిది, ఓదార్చింది.

"ఊళ్ళో పాత కట్టడాలూ కొత్త కట్టడాలూ కలిసి ఎంత అందంగా ఉన్నాయో చూపించడానికి ఫొటోల ప్రదర్శన పెడుతున్నాం. మీ మేడా, ఎదుటి అద్దాల మేడా ఒకే ఫొటోలో పడేలా తీసి తెండి. కమిటీకి నచ్చితే మీ మేడని ఎవరూ ముట్టుకోకుండా నేను చూస్తాను."

"ఫొటోయే కదా మేడమ్! పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ అదే మా పని" అన్నాడు భానోజీ కళ్ళు తుడుచుకుంటూ.

పుట్టడం నిజమే, బుద్ధెరగడం సంగతి నాకు తెలీదు. కానీ వాళ్ళు తీసినవన్నీ పెళ్ళి ఫొటోలే. ఇంకేముంది! ఇద్దరిని పక్కపక్కన నిలబెట్టి ఫొటో తియ్యాలంటే ముందు పెళ్ళి జరగాలి కదా?

"అద్దాల మేడ పొడుగ్గా ఉంది, అదే పెళ్ళికొడుకు" అన్నాడు సన్నిబాబు.

"అయితే మన మేడ పెళ్ళికూతురా? దీనికి నూరేళ్ళు దాటాయిరా!" అంది వరహాలు.

"హుష్! మగపెళ్ళివారు వింటారు వదినా."

పాత మేడ వరండాకి బంతిపూల దండ వేలాడదీశారు. అద్దాల మేడకి మెడ ఎక్కడుందో తెలియక, దాని తరఫున దాలినాయుడి మెడలో వేశారు. భానోజీ రోడ్డు మీద నిలబడి కెమెరా ఎత్తాడు.

"పెళ్ళికొడుకు గారూ, కాస్త పెళ్ళికూతురి వైపు జరగండి. గెడ్డం కొంచెం దించండి. నవ్వండి!"

అద్దాల మేడ జరగలేదు, నవ్వలేదు.

"అలిగాడన్నయ్యా" అన్నాడు సన్నిబాబు.

అంతే, అలకపాన్పు! పరుపు తెచ్చి అద్దాల మేడ గుమ్మంలో వేసి, ఏం కావాలో అడగమని ముగ్గురూ చేతులు కట్టుకు నిలబడ్డారు. దాలినాయుడు అటూ ఇటూ చూసి, దండతో సహా పరుపెక్కి పడుకుని, "సైకిలు" అన్నాడు. సన్నిబాబు తన సైకిలు ఇచ్చేశాడు. అయినా మేడ జరగలేదు. దాలినాయుడు మాత్రం సాయంత్రం ఇంటికి బెల్లు కొట్టుకుంటూ వెళ్ళాడు.

"ఎత్తు మీదనుంచి తీస్తే అన్నీ పడతాయి" అన్నాడు భానోజీ మర్నాడు. ముగ్గురూ తమ మేడ కప్పెక్కారు. ఎక్కేటప్పుడు విరిగిన పెంకులు ఏరితే మా ఇంటికి ఇంకో కప్పు వేసుకోవచ్చు. అక్కణ్ణుంచి అద్దాల మేడా, లైట్‌హౌసూ, కొండా, సముద్రమూ, సముద్రంలో ఓడలూ అన్నీ తీసి మేడమ్ దగ్గరికి పట్టుకెళ్ళారు.

"బాగుంది. మీ మేడ ఏది?"

"మా కాళ్ళ కింద ఉందండి" అన్నాడు భానోజీ.

మేడమ్ తల పట్టుకుంది. "ఫొటోలో కనబడాలి నాయనా! ఇంకొక్క అవకాశం. రేపు సాయంత్రం కమిటీ కూర్చుంటుంది. ఆలోగా తేకపోతే నేనేం చెయ్యలేను."

ఇంటికొచ్చి రోడ్డు మధ్యలో నిలబడ్డారు. ఇటు తిరిగితే పాతదే పడుతుంది, అటు తిరిగితే కొత్తదే పడుతుంది. అన్నదమ్ములు వీపుకి వీపు ఆనించి, నడుముకి చీర కట్టించుకుని, ఒకేసారి ఇద్దరూ రెండు కెమెరాలు నొక్కారు. అప్పుడు ఒకడు ముందుకి నడిచాడు, రెండోవాడు కూడా ముందుకే నడిచాడు. చీర చిరిగింది. వరహాలు బావురుమని తలెత్తి, అద్దాల మేడ వైపు చూసి కేక పెట్టింది.

"ఓలయ్యో! మన మేడని ఎత్తుకుపోయి వాళ్ళింట్లో పెట్టుకున్నారయ్యో!"

నిజమే, అద్దాల్లో వాళ్ళ మేడ తళతళలాడుతోంది. సన్నిబాబు దాలినాయుడి చొక్కా పట్టుకున్నాడు. "ఇప్పించు మా మేడ!"

"మీ మేడ మీ వెనకాలే ఉంది బాబూ. ఇది నీడ. అద్దంలో మీ మొహం ఎప్పుడూ చూసుకోలేదేటి?"

ముగ్గురూ వెనక్కి తిరిగారు. అక్కడ మేడ. ముందుకి తిరిగారు. ఇక్కడా మేడ. మెడలు పట్టేసేదాకా తిరిగి, భానోజీ ఎగిరి గంతేశాడు. "ఒరే, పాతదీ కొత్తదీ ఒకేచోట!"

తీసేవాడే, కానీ వరహాలు చెయ్యి పట్టుకుంది. "ఆగు. అద్దంలో మన స్టూడియో బోర్డు అక్షరాలు తిరగబడ్డాయి. మేడమ్ చదవలేకపోతే?"

ఇంకేముంది! సన్నిబాబు నిచ్చెనేసుకుని అసలు బోర్డునే తిరగరాసేశాడు. ఇప్పుడు అద్దంలో చక్కగా 'త్రినేత్ర' అని ఉంది. మేడ మీద ఏముందో దేవుడికి కూడా అద్దం పట్టుకొస్తే గాని తెలీదు. సన్నిబాబు నిచ్చెన మీద ఒంటికాలిమీద ఆఖరి అక్షరం దిద్దుతున్నాడు, వరహాలు వరండాలో తడిచీర పిండుతోంది, కప్పు మీద ఒక కాకి వాలింది. భానోజీ కెమెరా నొక్కాడు.

నమ్మండి నమ్మకపొండి, కమిటీ వాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారట! అద్దాల మేడ గుండెలో పాత మేడ. అంతకంటే కలవడం ఏముంది? మేడమ్ స్వయంగా వచ్చి ఎర్రగుర్తు చెరిపించింది.

"మీ మేడ దక్కింది. ఒక్కటే షరతు. ఫొటోలో ఎలా ఉందో అలాగే ఉంచాలి, ఏదీ మార్చకూడదు. మేం అప్పుడప్పుడు వచ్చి చూస్తాం" అని వెళ్ళింది.

అంతే. మర్నాడు తెల్లారేసరికి సన్నిబాబు నిచ్చెన మీద ఒంటికాలిమీద ఉన్నాడు. వరహాలు వరండాలో చీర పిండుతోంది. పిండి పిండి ఆరిపోతే మళ్ళీ తడుపుకుని పిండుతోంది. భానోజీ రోడ్డు మధ్యలో కెమెరా కంటికి ఆనించుకుని అద్దాల మేడకేసి నిలబడ్డాడు. లారీలు పక్కనుంచి తిరిగి పోతున్నాయి.

"అన్నయ్యా, కాకి లేదు!" అని కేకేశాడు సన్నిబాబు.

ముగ్గురికీ చెమటలు పట్టాయి. ఫొటోలో కాకి ఉంది, కప్పు మీద లేదు. మేడమ్ ఇప్పుడొస్తే?

"కాకి ఎప్పుడొస్తుంది?"

"తద్దినం పెడితే వస్తుంది."

"మామగారి తద్దినం మాఘంలో కదా" అంది వరహాలు. "అందాకా మేడ ఆగుతుందా?"

ముగ్గురూ ఒకేసారి తలలు తిప్పి గోడమీంచి నాకేసి చూశారు.

"మామ్మా, తప్పుగా అనుకోకు" అంటూ వచ్చాడు భానోజీ. "మా మేడ నిలబడాలంటే నీకు తద్దినం పెట్టాలి."

"నేనింకా ఉన్నాను కదరా!"

"ఉంటే మరీ మంచిది. భోజనానికి వేరేవాళ్ళని వెతుక్కోనక్కర్లేదు."

ఇంకేం అంటాను? వెళ్ళాను. నా తద్దినానికి నేనే విస్తరి ముందు కూర్చున్నాను. గారెలూ, పరవాన్నమూ, అరటికాయ కూరా. పైన కప్పు మీద నా పిండం. కాకి రాలేదు. మధ్యాహ్నం దాకా చూసి ముగ్గురూ నా చుట్టూ చేరారు. వరహాలు కళ్ళొత్తుకుంది.

"కాకి ముట్టలేదంటే మామ్మకి ఏదో కోరిక తీరకుండా ఉండిపోయింది. చెప్పు మామ్మా, చెప్పు! ఏ కోరికతో పోయావు?"

నేను కాసేపు ఆలోచించి, "బొబ్బట్లు" అన్నాను.

మర్నాడు బొబ్బట్లు పెట్టారు. కాకి రాలేదు. ఆపైన పులిహోర. తర్వాత పాలతాలికలు. ఇవాళ పనసపొట్టు కూర చేస్తామన్నారు. మేడ భద్రంగా ఉంది, సన్నిబాబు కాలు మార్చుకోవడం కూడా నేర్చుకున్నాడు. కాకులకేం, తెల్లారకముందే బిలబిలా వస్తూనే ఉన్నాయి. వాళ్ళు లేచేలోగా నేనే చీపురుకట్ట పట్టుకుని తోలేస్తున్నాను.