గాడిదలను విప్పండి

అనగనగా ఒక అడవిలో, రెండు యుద్ధాల మధ్య కాస్త తీరిక దొరికింది పిల్లలూ. తోడేళ్లతో మొదటి యుద్ధం అయిపోయింది. రెండోది ఇంకా రాలేదు. ఆ తీరికలో పెద్దలంతా చేరి, తామెంత బాగా పోరాడారో చెప్పుకుని మురిసిపోతున్నారు.

రత్తాలు అనే ముంగిస మాత్రం మురవలేదు. దాని బొరియ ఏటి ఒడ్డున ఉంది. తోడేళ్లు ఏరు దాటితే ముందు తొక్కేది దాని గుమ్మమే. అడవికంతటికీ ఉన్న ఆయుధం ఒక్కటే, బండికి బిగించిన పెద్ద ఒడిసెల. కొండముచ్చులు అందులో రాయి పెట్టి లాగి వదిలితే ఏటి అవతల పడేది. ఆ బండిని ఆరు గాడిదలు లాగేవి; రాయి వదిలే ముందు, అవి బెదరకుండా వాటిని విప్పేసేవారు. పోయినసారి ఆ గాడిదలు బురదలో దిగబడి, తోడేళ్లు తినడం ముగించి వెళ్లాక వచ్చాయి. రత్తాలు వాళ్ల అక్క పిల్లల్లో ఒక్కరూ మిగల్లేదు. ఇప్పుడు రత్తాలుకే ముగ్గురు పిల్లలు.

అందుకని అది ఏనుగు గంగమ్మ దగ్గరికి వెళ్లింది. "అత్తా, ఆ ఒడిసెల నీ వీపు మీద కట్టుకుంటే ఎలా ఉంటుంది?"

"కట్టవే. వీపు ఖాళీగానే ఉందిగా," అంది గంగమ్మ.

కట్టారు. గంగమ్మ బురద దాటి ఒడ్డెక్కింది. కొండముచ్చులు రాయి వదిలితే చూపించిన చెట్టుకే తగిలింది. ఈ వేడుక చూడ్డానికి పెద్దలు తోడేళ్లను కూడా పిలిచారు. మర్యాద తెలిసినవాళ్లు కదా. తోడేళ్లు ఏనుగు చుట్టూ మూడుసార్లు తిరిగి చూసి, భోంచేసి వెళ్లాయి.

సభకు పెద్ద సింహాద్రి గారు. పేరు సింహాద్రి, జాతి గాడిద.

"అంతా బాగుంది. రాయి వదిలే ముందు 'గాడిదలను విప్పండి' అని ఎవరన్నారు?" అని అడిగారాయన.

"అక్కడ గాడిదలు లేవు కదండీ," అంది రత్తాలు.

"లేకపోతే ఎలా విప్పుతారు?"

"విప్పక్కర్లేదండి."

"విప్పకుండా రాయి ముట్టుకోకూడదమ్మా. మా తాతల నాటి పద్ధతి."

మూడు సభలు జరిగాయి. ఏనుగు బండా, జంతువా అని మొదటి సభలో తేలలేదు. ఒడిసెల ఏనుగుదా, కొండముచ్చులదా అని రెండో సభలో కొట్టుకున్నారు. మూడో సభలో తేల్చేశారు. ఏనుగు ముందు ఆరు గాడిదలను కట్టాలి. అప్పుడు విప్పొచ్చు. అంత పెద్ద తలకాయల్లో ఇంత ఆలోచన ఎలా పట్టిందో, నాకిప్పటికీ వింతే.

వానలు మొదలవగానే తోడేళ్లు వచ్చాయి. తామూ ఒక ఒడిసెల చేసుకుని, దాన్ని ఒక అడవిదున్న వీపు మీద కట్టుకుని మరీ వచ్చాయి. దాని ముందు ఒక్క గాడిదా లేదు.

మొదటి రాయి రత్తాలు బొరియ పక్కన పడింది. ఇటు గాడిదలు బురదలో దిగబడ్డాయి. వాటి వెనక గంగమ్మ ఆగిపోయింది.

"గాడిదలను విప్పండి," అన్నారు సింహాద్రి గారు.

"ముడులు తడిసి బిగిశాయండి," అన్నాడు కొండముచ్చు.

"నెమ్మదిగా విప్పండి. పద్ధతి తప్పొద్దు."

రెండో రాయికి బొరియ గుమ్మం కూలింది. లోపల పిల్లలు కీచుమంటున్నారు. రత్తాలు పద్ధతి వైపు చూడలేదు. ఎగిరి ఆరు తాళ్లూ పళ్లతో పటపటా కొరికేసింది. గంగమ్మ గాడిదలను పక్కకు నెట్టి ఒడ్డెక్కింది. కొండముచ్చులు వదిలిన రాయి వెళ్లి దున్న మోకాలికి తగిలింది. దున్న కూలబడింది, తోడేళ్లు పారిపోయాయి. రత్తాలు మట్టి తవ్వి పిల్లలను ఒక్కొక్కరినీ బయటికి లాగింది. ముగ్గురూ ఉన్నారు.

మర్నాడు సభ. బురదలో అంత ఓపిగ్గా నిలబడ్డందుకు గాడిదలకు పూలదండలు వేశారు. తర్వాత రత్తాలును పిలిచారు.

"నువ్వు విప్పలేదు, కొరికావు. కొరకమని మన పద్ధతిలో ఎక్కడుంది?" అని అడిగారు సింహాద్రి గారు.

"ఎక్కడా లేదండి," అంది రత్తాలు. "నా పిల్లలు బతకాలని కూడా అందులో ఎక్కడా లేదు."

నీతి: పని తీరు మారాక కూడా పాత పద్ధతిని పట్టుకు వేలాడితే, మనకు పుట్టిన ఆలోచనతో ముందు బాగుపడేది శత్రువే.