రోటవేటర్ కింద కుర్చీ

కొండవరంలో మోతుబరి అనంతరామయ్య మాటకు ఎదురులేదు. ఆ సంగతి ఆయన చిన్న ట్రాక్టరుకే తెలియదు. పొద్దున్నుంచీ వాకిట్లో హైడ్రాలిక్ ఆయిలు కారుస్తూ కూర్చుంది.

మెకానిక్ సైదులు వంగి చూశాడు. వెనక తగిలించిన, కత్తులతో దుక్కి దున్నే రోటవేటర్‌ను పైకెత్తి ఉంచితేగానీ లీకయ్యే పైపు చేతికందదు. దాన్ని ఎత్తి పట్టుకునేదేమో ఆ కారిపోతున్న ఆయిలే.

"రెండు దుంగలు తెప్పించండయ్యా. ఊతం పెట్టాక కింద దూరతాను."

"దుంగలెందుకు? ఇందాకట్నుంచీ అంగుళం దిగలేదు. దూరు."

"దిగితేనో?"

"దిగదని నేను చెప్తున్నానుగా. నా మాట మీద నమ్మకం లేకపోతే ఈ ఊళ్లో ఇంకే ట్రాక్టరూ నీ చేతికి రాదు."

సైదులు చేతులు తుడుచుకుని అరుగెక్కాడు. అనంతరామయ్య తప్ప ఇంకెవరూ కూర్చోని తాతలనాటి టేకు కుర్చీని తెచ్చి, సరిగ్గా రోటవేటర్ కత్తుల కింద వేశాడు.

"అదేంట్రా?"

"మీ మాట మీద నమ్మకంతోనే వేశానయ్యా. టీ తాగొస్తాను. వచ్చేసరికి కుర్చీ ఇట్లాగే ఉంటే మారు మాట్లాడకుండా దూరతాను."

అతను గేటు దాటకముందే ఆయిలు బొట్టొకటి కుర్చీ చేతి మీద పడింది.

"ఒరేయ్, ముందా కుర్చీ తియ్యి," అని అరిచాడు అనంతరామయ్య.

"ఎందుకయ్యా? అంగుళం దిగలేదుగా."

"దిగితేనో?"

అనేశాక గానీ ఆ మాట ఎవరిదో ఆయనకు గుర్తు రాలేదు.

"నేనడిగిందీ అదేనయ్యా," అన్నాడు సైదులు. "కుర్చీ విరిగితే వడ్రంగి ఉన్నాడు. నా నడుం విరిగితే ఎవరున్నారు? ముందు దుంగలు రానివ్వండి, కుర్చీ తర్వాత తీద్దాం."

దుంగలు పరుగున వచ్చాయి.