ఏడో శంకుస్థాపన

వెనకటికి ఒక రాజ్యంలో తిరుపాలు అనే రాళ్లు కొట్టేవాడుండేవాడు. వాళ్ల ఊరి వాగు మీద వంతెన కట్టిస్తానని వీరమల్లయ్య గ్రామాధికారిగా ఉన్నప్పుడే శంకుస్థాపన చేశాడు. తర్వాత పరగణాకి అధిపతి అయ్యాడు, ముగ్గురు రాజులు మారినా మంత్రిగా నిలిచాడు. పదవి మారినా, రాజు మారినా వచ్చి కొత్త రాయి పాతించేవాడు. ప్రతి రాయి మీదా ఆయన పేరూ, కొత్త బిరుదూ చెక్కింది తిరుపాలే. మూడో రాయి పాతిన ఏడాదే వరద అతని తమ్ముణ్ణి ఎత్తుకుపోయింది. ఆ తర్వాత అతను వంతెన మాట ఎవర్నీ అడగలేదు.

ఏడోసారి మంత్రి మేళతాళాలతో దిగాడు. "నా పాత రాళ్లేవిరా?" అన్నాడు.

తిరుపాలు వాగులోకి చెయ్యి చూపించాడు. ఒడ్డు నుంచి నడిమి దాకా ఆరు రాళ్లు వరసగా పరిచి ఉన్నాయి. కట్టెల మోపుతో ఓ ముసలమ్మ ఆరో రాయి దాకా నడిచి, చీర ఎగదోపుకుని నీళ్లలోకి దిగుతోంది.

"నా పేరు తొక్కుతున్నారా!"

"లేదు దొరా, పేర్లు కిందికి తిప్పే పరిచాను," అన్నాడు తిరుపాలు నీరసంగా. "తమరి దయవల్ల సగం వాగు దాటాం. ఇది కూడా పాతించండి. ఇంకో అయిదుసార్లు దయచేశారంటే మేం గట్టెక్కుతాం."