మూడు పంజరాల ముందు శ్రుతకేతు

చాలా చాలా కాలం కిందట కుందనగిరిని ఏలే రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు విజయకేతు కత్తి పడితే తిరుగు లేదు. రెండోవాడు రణకేతు ఎక్కలేని గుర్రం లేదు. మూడోవాడు శ్రుతకేతుకు తాటాకు పుస్తకాల్లోని పాత కథలంటే ప్రాణం. చదివిన కథే మళ్ళీ మళ్ళీ చదివేవాడు. అన్నలు నవ్వేవారు.

ఒకనాడు ఒక కబురు వచ్చింది. ఏడు సముద్రాల అవతల, ఒక దీవిలో, కాలదంష్ట్రుడనే మాంత్రికుడు రాకుమారి మందారికను శిలగా మార్చేశాడట. ఆమెను విడిపిస్తానని పెద్దవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. అన్నను వెతుకుతూ రెండోవాడు వెళ్ళాడు, అతనూ తిరిగి రాలేదు. రాజు బెంగతో మంచం పట్టాడు.

"నేను వెళ్ళొస్తాను నాన్నగారూ" అని మూడోవాడు బయలుదేరాడు.

సముద్రం ఒడ్డున వలలో చిక్కిన పెద్ద తాబేలు కనిపిస్తే, వల కోసి విడిపించాడు.

"నా వీపు మీద ఎక్కు నాయనా" అంది తాబేలు. ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు.

దీవిలో గుహ ముందు తెల్లగడ్డం ముని ఒకడు కమండలం పట్టుకుని నుంచున్నాడు. "అలసిపోయావు, ఈ నీళ్ళు తాగు" అన్నాడు.

"వచ్చిన పని అయ్యేదాకా నీళ్ళు ముట్టను తాతగారూ" అన్నాడు శ్రుతకేతు.

"అయితే విను. మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉంది. లోపల బంగారు పంజరంలోని చిలక మెడ నులిమెయ్యి."

శ్రుతకేతు ఆలోచించాడు. చిలకలో ప్రాణం దాచుకున్నవాళ్ళ కథలు చాలా చదివాడు. ఏ కథలోనూ ఆ రహస్యం అడగకుండా దొరకలేదు. మంచి మునుల కథలు చదివాడు, మునివేషం వేసిన దొంగల కథలూ చదివాడు. తొందరపడి ప్రాణం తీసి, తర్వాత గుండెలు బాదుకున్నవాళ్ళ కథలూ చదివాడు.

"మీరూ తోడు రండి" అని మునిని లోపలికి తీసుకెళ్ళాడు. అక్కడ మూడు పంజరాలు, ఒక్కోదాంట్లో ఒక్కో చిలక ఉన్నాయి.

బంగారు పంజరం మీద చెయ్యి వేశాడు. చిలక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముని నవ్వుతున్నాడు. వెండి పంజరం మీద చెయ్యి వేశాడు. ఆ చిలకా ఏడ్చింది. ముని ఇంకా నవ్వుతున్నాడు. మూలనున్న తుప్పుపట్టిన ఇనుప పంజరం మీద చెయ్యి వేశాడు. ముని ముఖం పాలిపోయింది.

"అది ముసలి చిలక. దాని జోలికెందుకు?" అన్నాడు.

శ్రుతకేతు చటుక్కున ఆ చిలకను పట్టుకున్నాడు. మునివేషం కరిగిపోయి మాంత్రికుడు మోకాళ్ళ మీద పడ్డాడు.

"ఏడ్చిన చిలకలు ఎవరు?"

"మీ అన్నలు."

ముని మాట నమ్మి ఉంటే శ్రుతకేతు సొంత అన్నను చంపుకునేవాడు. పట్టు వదలకుండా, అన్నలకూ మందారికకూ మానవరూపం ఇప్పించాడు. ఆ తర్వాతే చిలక మెడ నులిమాడు. మాంత్రికుడు కూలిపోయాడు.

విజయకేతు తమ్ముణ్ణి గట్టిగా కౌగిలించుకున్నాడు. "ఆ ముని నీళ్ళిస్తే మేమిద్దరం ఏమీ ఆలోచించకుండా తాగేశాంరా" అన్నాడు.

"ఏ కథ మీకు దారి చూపింది?" అని అడిగింది మందారిక.

"ఏ ఒక్కటీ కాదు. ఒక కథలో ముని దేవుడు, ఇంకో కథలో దొంగ. అన్నీ చదివితే వేషాన్ని కాక మనిషిని చూడడం అలవాటైంది."

మందారిక అతని వైపు ఆరాధనగా చూసింది.

తాబేలు నలుగురినీ ఇల్లు చేర్చింది. కొడుకులను చూసి రాజు మంచం దిగాడు. శ్రుతకేతుకూ మందారికకూ ఆకాశమంత పందిరి వేసి పెళ్ళి చేశారు. వాళ్ళు ప్రతి ఊళ్ళోనూ పాత కథలు చదివి వినిపించేవాళ్ళను పెట్టి, మనవల మనవలను ఎత్తుకునేదాకా చల్లగా రాజ్యం ఏలారు.