పైడమ్మ పికప్

ప్రెసిడెంటు గజపతికి కారుంది. అయినా చేపలమ్మే పైడమ్మ పికప్ కొని తనే తోలుతుంటే కళ్ళలో నిప్పులు పోసుకున్నాడు. పెళ్ళిసామానుకైనా, పురిటినొప్పులకైనా ఊరంతా ఆమెనే పిలుస్తోంది. పైగా ఆమె సీటు తన కారుకంటే ఎత్తు!

"నేనెదురైతే బండి దిగి చేతులు కట్టుకు నిలబడాలి. నేను దాటాకే ఎక్కాలి. తప్పావో, నీ బండి ఊళ్ళోకి రాదు," అన్నాడు నలుగురి ముందూ.

"అలాగే బాబూ," అంది పైడమ్మ.

మర్నాడు ఇరుకు కాలవగట్టు మీద ఇద్దరూ ఎదురుపడ్డారు. ఆమె దిగి చేతులు కట్టుకుంది. కారుకి ముందు పికప్ అడ్డం, వెనక ఎడ్లబళ్ళ వరస. అవతల మంత్రిగారి సభకి వేళయింది.

"బండి వెనక్కి తియ్యవే!"

"మీరు దాటకుండా ఎలా ఎక్కను బాబూ?"

"ఎలా దాటనే, ఎగిరా?"

"నడిచి."

బళ్ళవాళ్ళు చూస్తున్నారు. అన్నమాట వెనక్కి తీసుకోవడానికి గజపతికి మనసొప్పలేదు. కారు డ్రైవరుకి వదిలి, పంచె ఎగ్గట్టి, పికప్ పక్కనుంచి ఒదిగి ఒదిగి దాటాడు.

పైడమ్మ ఎక్కి, బండి వెనక్కి తీస్తూ హారన్ కొట్టింది.

"తప్పుకోండి బాబూ! ప్రెసిడెంటుగారి కారుకి దారివ్వాలి."